వానలు పడగానే ఎద్దు చచ్చింది, కోసి పంచుకున్నారు, ఇప్పుడు బావమరిది చేతి మీద పొక్కు. ఇది దొమ్మ రోగమేనా (ఆంత్రాక్స్)? (రాయగడ వైపు)

రాయగడ_కిరాణా

అందరికీ నమస్కారం. మాది రాయగడ నుంచి మునిగుడ వెళ్ళే దారిలో లోపలికి ఉన్న చిన్న ఊరు, కిరాణా కొట్టు పెట్టుకుని ఉన్నాం, తెలుగోళ్ళం నాలుగైదు ఇళ్ళు, మిగతా అంతా కోందులూ (కొండ తెగ వాళ్ళు) ఒడియా వాళ్ళూ. విషయం ఏటంటే మా పొలం చూసే కంబారి (పాలేరు) ఎద్దు ఒకటి పొద్దున్న లేచేసరికి చచ్చి పడుంది. ముందు రోజు సాయంత్రం దాకా బాగానే మేసింది, నీరసం గీరసం ఏటీ కనబడలేదు. పొట్ట డోలులా ఉబ్బిపోయింది, ముక్కులోంచీ వెనకనుంచీ నల్లటి నెత్తురు కారతానే ఉంది, గడ్డ కట్టట్లేదు. పాము కరిచిందని ఒకళ్ళు, పక్క చేలో కొట్టిన పురుగుమందు నాకిందని ఇంకొకళ్ళు. దుక్కులు మొదలయ్యే టైములో జోడు విడిపోయింది కదా, ఆ మనిషి ఏడుపు చూడలేకపోయాం.

తర్వాత ఊళ్ళో మామూలుగా జరిగేదే జరిగింది. చచ్చినదాన్ని ఊరికే పారెయ్యడం ఎందుకని కోసి ఇంటింటికీ పంచేశారు, ఆ డబ్బుతో కంబారికి కాస్త ఊరట అని. మా బావమరిది (మా ఆవిడ తమ్ముడు, సెలవులకి వచ్చి ఉన్నాడు) తోలు తియ్యడానికి సాయం వెళ్ళాడు. మేం తినలేదు గానీ పక్కింటోళ్ళ చూరు కింద ఇప్పటికీ ఉప్పుకండలు తాడు మీద ఎండుతున్నాయి, కింద పొయ్యి పొగ తగిలేలాగ కట్టారు, ఈగలు జుయ్యిమంటున్నాయి.

ఇప్పుడు సమస్య బావమరిదిది. మణికట్టు పైన చిన్న చీమ కుట్టినట్టు దురద మొదలైంది, తర్వాత నీటి పొక్కు, ఇప్పుడు మధ్యలో గుంటపడి నల్లగా అవుతా ఉంది, చుట్టూ చెయ్యి వాచింది. చిత్రం ఏటంటే నొప్పి అస్సలు లేదంట, అందుకే వాడు లెక్క చెయ్యట్లేదు. సాలీడు పాకిందని ఊళ్ళో మందులిచ్చే ఆయన ఆయింట్మెంట్ ఇచ్చాడు. కోరాపుట్ వైపు ఆంత్రాక్స్ అని పేపర్లో వస్తూ ఉంటాది కదా, అది ఇదేనా? ఇంట్లో చిన్న పిల్లలు ఉన్నారు, వాడి నుంచి వాళ్ళకి అంటుకుంటాదా? తిన్న వాళ్ళ పరిస్థితి ఏటి? ఎవరికైనా తెలిస్తే చెప్పండి ప్లీజ్.

పశువైద్యం_పార్వతీపురం

బాబూ, మిగతా చర్చ తర్వాత, ముందు ఆ అబ్బాయిని ఇవాళే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి, రేపు అనొద్దు. వెళ్ళగానే డాక్టరుకి మొదటి మాటగా "చచ్చిన ఎద్దుని కోశాడు" అని చెప్పండి, పొక్కు గురించి రెండో మాట. ఈ ఒక్క ముక్క చెప్పకపోతే అక్కడ కూడా ఆయింట్మెంటే రాసిస్తారు. పొక్కుని గిల్లొద్దు, పిండొద్దు, కొయ్యించొద్దు, శుభ్రమైన గుడ్డతో వదులుగా కప్పండి. ఇంట్లో ఎవరి యాంటీబయాటిక్ మాత్రలో మిగిలినవి వేసెయ్యొద్దు, మందు మొదలుపెట్టే ముందే పొక్కులోంచి శాంపిల్ తియ్యాలి.

నేను పశుసంవర్ధక శాఖలో పని చేస్తాను కాబట్టి పశువు వైపు నుంచి చెప్తాను. నిన్నటిదాకా మేసిన పశువు తెల్లారేసరికి చచ్చి, తొందరగా ఉబ్బి, శవం బిగుసుకోకుండా, రంధ్రాల్లోంచి గడ్డకట్టని నల్ల రక్తం వస్తే మేం ముందు అనుమానించేది దొమ్మనే. పాము కాటు కూడా కావొచ్చు, మందు కూడా కావొచ్చు, కానీ అది తేలేదాకా దొమ్మ అనుకునే నడుచుకోవాలి. దీన్ని కోస్తే ఏమవుద్దంటే, ఒంట్లో ఉన్నంతసేపూ ఆ బ్యాక్టీరియా మామూలు బ్యాక్టీరియానే, శవం మూసి ఉంటే లోపల కుళ్ళుకి చాలామటుకు అదే చచ్చిపోద్ది. కత్తి పెట్టి తెరవగానే గాలి తగిలి గట్టి పెంకు కట్టుకుని బీజాలుగా మారిపోద్ది. ఆ బీజాలు నేలలో పదుల ఏళ్ళు ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషోళ్ళు స్కాట్లండ్ దగ్గర గ్రూయినార్డ్ అనే దీవిలో 1942లో గొర్రెల మీద దీన్ని బాంబుగా పరీక్షించారు, ఆ తర్వాత నలభై ఏళ్ళు దాటినా మనుషుల్ని అడుగు పెట్టనివ్వలేదు, 1986లో ఫార్మాల్డిహైడ్ కలిపిన సముద్రపు నీళ్ళతో నేలని తడిపి 1990లో గానీ పర్లేదని ప్రకటించలేదు. అంత పెద్ద ప్రభుత్వానికే అంత పని పట్టింది, మన ఊరి చెరువు గట్టు మీద కోసిన చోటుని ఎవరు కడుగుతారు చెప్పండి.

తొలకరిలోనే ఎక్కువ ఎందుకంటే పాత శవాలు పూడ్చిన చోట్ల నుంచి వాన నీళ్ళు బీజాల్ని పైకి తెస్తాయి, పల్లంలో చేరతాయి, ఎండాకాలం అంతా ఎండిపోయిన పశువు అప్పుడే మొలిచిన పొట్టి గడ్డిని మట్టితో సహా కొరుకుద్ది. అంతే.

మీరు చెయ్యాల్సినవి: కోసిన చోటికి పశువుల్ని పోనివ్వకండి, ముళ్ళకంప వేసెయ్యండి. ఉప్పుకండలు ఉన్న ఇళ్ళ వాళ్ళని బతిమాలండి, వండితే పోద్దిలే అంటారు, నమ్మొద్దు, మామూలు వంట వేడికి బీజం చస్తుందన్న గ్యారంటీ లేదు, ఎండబెడితే ఉప్పేస్తే అసలు చావదు. వాడిన కత్తులు, గిన్నెలు అరగంట పైగా సలసలా మరిగించండి. 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది, లేదంటే బ్లాకులో వెటర్నరీ డాక్టరుకి చెప్పండి. మిగిలిన పశువులకి టీకా వెయ్యాలి. ఒక మాట, టీకా వేసిన రోజుల్లో పశువుకి పెన్సిలిన్ లాంటివి పొడిపించకండి, ఇది బతికున్న బీజాల టీకా, మందు దాన్ని చంపేస్తే టీకా వేసీ దండగ.

ఘాట్‌రోడ్డు_రాజా

అతి చేస్తున్నారు సార్. మాది సాలూరు, సుంకి ఘాటీ మీద లారీ తిప్పుతాను, కొండ మీద ఊళ్ళల్లో తాతల కాలం నుంచీ చచ్చినదాన్ని తింటూనే ఉన్నారు, ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయిపోలేదు కదా. చేతి మీద పొక్కు వస్తే ఆంత్రాక్స్ అంట, అమెరికాలో పౌడర్ కవర్లో పెట్టి పంపేరు చూడు, అది ఆంత్రాక్స్. భయపెట్టి పల్లెటూరోళ్ళ నోటికాడ కూడు లాక్కోవడం తప్ప ఏం లేదు ఇందులో. ఆ ఎద్దు ఖరీదు ఎవడిస్తాడు?

సిస్టర్_జయపురం

రాజా గారూ మీ చివరి ప్రశ్న కరెక్టు, మిగతాది కాదు. 2001లో అమెరికాలో కవర్లలో వచ్చిందీ ఇదే పురుగు, దారి మాత్రం వేరు. ఊపిరితో లోపలికి పోతే ఒక రకం, తింటే ఒక రకం, చర్మం మీద చిన్న గీతలోంచి పోతే ఇంకో రకం. మనుషులకి వచ్చేదాంట్లో నూటికి తొంభై అయిదు పైన ఈ చర్మం రకమే, దీనికి మందు వేస్తే చావు చాలా అరుదు, వెయ్యకపోతే పది మందిలో ఒకరిద్దరు పోతారు. తాతల కాలంలో పోయినోళ్ళని ఎవరు లెక్క రాశారు? చెయ్యి వాచి జ్వరమొచ్చి పోయాడు అని గాలి సోకిందనో చేతబడి అనో అనేసి ఊరుకునేవాళ్ళు. ఇంకోటి, తిన్న అందరికీ రాదు, ఎంత పోయింది, నోట్లో పుండు ఉందా, సరిగ్గా ఉడికిందా ఇలా చాలా ఉంటాయి, కానీ పొట్టలో పట్టుకుంటే మాత్రం రక్తం వాంతులు, రక్త విరేచనాలు, అది చర్మం రకం కన్నా చాలా ప్రమాదం. కాబట్టి కిరాణా గారూ, తిన్న వాళ్ళందరి పేర్లూ ఆశా దీదీకి చెప్పండి, జ్వరం, కడుపునొప్పి, గొంతు వాపు ఏది కనబడ్డా ఆసుపత్రికి. ముందు జాగ్రత్త మాత్రలు ఎవరికి ఇవ్వాలో డాక్టరు చూసుకుంటారు.

పిల్లల సంగతి అడిగారు. దగ్గితే తుమ్మితే పక్కన పడుకుంటే రాదు, మనిషి నుంచి మనిషికి పోయే జబ్బు కాదిది. పుండు రసం మాత్రం ముట్టుకోకుండా, ఆ గుడ్డలు విడిగా మరిగించి ఉతకండి.

నల్లటి పక్కు అంటే ఇక్కడ ఇంకో జబ్బుని కూడా మరిచిపోకూడదు, మా వార్డులో వానాకాలం చివర్లో అదే ఎక్కువ చూస్తాం, స్క్రబ్ టైఫస్. కంటికి ఆనని నల్లి పిల్ల పొదల్లో కరుస్తుంది, అది ఎలకల మీద బతికేది. దాని పక్కు సిగరెట్టుతో కాల్చినట్టు ఉంటుంది, చంకలో, గజ్జల్లో, రొమ్ము కింద, నడుం దగ్గర బట్ట బిగిసే చోట దాక్కుని ఉంటుంది, చుట్టూ పెద్ద వాపు ఉండదు గానీ మనిషికి వారం పైగా విపరీతమైన జ్వరం, తలనొప్పి. 2023లో బర్గఢ్ జిల్లాలో దీంతో మనుషులు పోయారు. ఆంత్రాక్స్‌ది చేతులు, మొహం లాంటి బయట ఉండే చోట, వాపు ఎక్కువ, నొప్పి నిల్. రెంటికీ డాక్సీసైక్లిన్ పని చేస్తుంది గానీ అది మీరు మెడికల్ షాపులో కొనుక్కుని వేసుకోమని కాదు నేను చెప్పేది. మలేరియా నెగెటివ్, టైఫాయిడ్ నెగెటివ్, జ్వరం తగ్గట్లేదు అని నెత్తి పట్టుకున్న కేసుల్లో బట్టలు విప్పి ఒళ్ళంతా చూస్తే పక్కు దొరికేస్తుంది, ఆడవాళ్ళు సిగ్గుపడి చూపించరు, మేం కూడా రద్దీలో అడగం, అక్కడే ఆలస్యం.

రాయగడ_కిరాణా

అప్డేట్. మీ మాటలు చదివి బండి మాట్లాడుకుని తీసుకెళ్ళిపోయాం. మొదట చూసిన చిన్న డాక్టరు ఎలర్జీ అన్నాడు, సిస్టర్ గారూ పార్వతీపురం గారూ చెప్పినట్టు ఎద్దుని కోశాడని గట్టిగా చెప్పేసరికి పెద్ద డాక్టర్ని పిలిచాడు, ఆయన చూడగానే అడ్మిట్ చేసేశారు. పొక్కులోంచి దూదిపుల్లతో తీసి పంపారు, రిజల్టు రాలేదు ఇంకా, సెలైనులో మందు ఎక్కుతా ఉంది. జ్వరం కొంచెం వచ్చింది గానీ వాపు పాకడం ఆగింది అంటున్నారు.

ఊళ్ళో సంగతి మాత్రం వేరేలా ఉంది. పశువుల డాక్టరు, ఇంకా ఆరోగ్య శాఖ వాళ్ళు జీపులో దిగేసరికి చూరు కింద ఉన్న తాళ్ళన్నీ ఖాళీ. పోలీసులు వస్తారు, కేసు పెడతారు అని ఎవరో అన్నారంట, రాత్రికి రాత్రి ఎక్కడో దాచేశారు. మా కంబారి అయితే అసలు ఎద్దు చావలేదు, అమ్మేశానని చెప్పేడు వాళ్ళతో! వచ్చిన వాళ్ళు ఒడియాలో మాట్లాడారు, మా ఊళ్ళో పెద్దోళ్ళకి కువి (కోందుల భాష) తప్ప రాదు, మధ్యలో నేను నాకొచ్చిన అరకొర కువిలో చెప్పేను. ఏటి చెయ్యమంటారు, నేనే పట్టిచ్చానని అందరూ నన్ను అదోలా చూస్తున్నారు, రేపు కొట్టుకి ఎవరైనా వస్తారా రారా అని భయం.

సిరోంచ_పోరడు

అన్నా మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ, ప్రాణహిత ఈ ఒడ్డు. మా దిక్కు గూడ గిదే కథ, సర్కారోళ్ళు అస్తున్నరంటే జనం ఉన్నది దాస్తరు. మీరు మాంసం గురించి లొల్లి పెట్టకుండ్రి, ఫస్ట్ ఆ ఎద్దు పైసల ముచ్చట తియ్యుండ్రి. ఎద్దు చెవికి పసుపుపచ్చ ట్యాగు ఉండెనా? ఇన్సూరెన్స్ కట్టిండ్రా? ఉంటే కంబారిని కూసోబెట్టి ఎద్దు చచ్చిందని రాపిస్తేనే నీకు పైసలొస్తయి, అమ్మిన అంటే పైస రాదు అని చెప్పుండ్రి. దెబ్బకు ఆయనే ముంగట పడి అన్ని చెప్తడు.

నాదో డౌటు గూడ ఉంది సిస్టర్. మా కాకోళ్ళ బర్రెను పిచ్చికుక్క కరిసింది, ఇప్పుడు అది నీళ్ళు తాగుతలేదు, నోట్లెంచి సొల్లు కారుతుంది, గొంతుల ఏదో ఇరుక్కుందని కాక చెయ్యి లోపటికి పెట్టి చూసిండు. దాని పాలు మొన్నటిదాంక అందరం తాగినం. ఇది గూడ పశువు నుంచి మనిషికి అచ్చేదే గదా, అందుకే ఈడనే అడుగుతున్న.

సిస్టర్_జయపురం

తమ్ముడూ ఇది ఆంత్రాక్స్ కన్నా అర్జెంటు, మీ కాకని ఇవాళే పంపించు. పశువుకి రేబిస్ వస్తే చాలాసార్లు ఇలాగే ఉంటుంది, కుక్కలా మీద పడదు, గొంతు కండరాలు పడిపోయి మింగలేక సొల్లు కారుస్తుంది, రైతులు ఏదో అడ్డుపడిందని చెయ్యి పెట్టేస్తారు. ఆ సొల్లులోనే వైరస్ ఉంటుంది, చేతి మీద గోరు గీత ఉన్నా చాలు. సబ్బు పెట్టి కారే నీళ్ళ కింద పావుగంట కడగమను, ఇప్పటికే ఆలస్యమైనా సరే కడగమను, తర్వాత ఆసుపత్రిలో టీకా, చెయ్యి గీరుకుని ఉంటే గాయంలో వేసే సీరం కూడా అడగండి. సీరం ప్రతి చిన్న ఆసుపత్రిలో ఉండదు, లేదంటే పెద్ద ఆసుపత్రికి పొమ్మని రాయించుకోండి. కోర్సు మధ్యలో మానెయ్యొద్దు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మా చేతుల్లో ఏమీ ఉండదు. పాలు కాచి తాగితే భయం లేదు, పచ్చిపాలు ఎవరైనా తాగి ఉంటే వాళ్ళని కూడా డాక్టరుకి చూపించండి. బర్రెని ఎవరూ ముట్టుకోవద్దు, అది చచ్చాక కొయ్యడం అస్సలు వద్దు.

కిరాణా గారూ, మీ ఊరి గోల చదువుతుంటే నాకు 2016 మల్కన్‌గిరి గుర్తొచ్చింది. ఆ ఏడు వానాకాలం పోతూ పోతూ వంద మందికి పైగా పిల్లలు మెదడు జ్వరంతో పోయారు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అన్నారు, పందుల్లో ఆ వైరస్ పెరుగుతుంది, పందికి పెద్దగా ఏమీ కాదు, వరి మడుల్లో పుట్టే దోమ అక్కణ్ణుంచి పిల్లకి మోసుకొస్తుంది. పందుల్ని ఊరికి దూరంగా తోలేయమన్నారు. తర్వాత కొంతమంది నిపుణులు అన్నీ అది కాదు, పిల్లలు కసివింద గింజలు తిన్నారు, ఆ విషం కూడా ఉందన్నారు. అదంతా వాదన, నేను తేల్చేదాన్ని కాదు. కానీ పంది అంటే ఆ ఇళ్ళకి బ్యాంకు ఖాతా లాంటిది. పందిని తోలేయమన్న చోట మనుషులు పందితో పాటు జ్వరమొచ్చిన పిల్లని కూడా దాచేస్తారేమో అని మేమంతా హడలిపోయాం అప్పుడు. మీ ఊళ్ళో మాంసం దాచినా పర్లేదు గానీ జ్వరాన్ని దాచకుండా చూడండి, కువి వచ్చిన ఆశా దీదీ ఎవరైనా ఉంటే జీపు లేకుండా ఒంటరిగా ఇల్లిల్లూ తిరగమనండి.

పశువైద్యం_పార్వతీపురం

సిరోంచ తమ్ముడి సలహా బాగుంది, కాకపోతే అందులో ఒక మెలిక ఉంది, ముందే తెలిసుంటే మంచిది. ఇన్సూరెన్స్ వాళ్ళు పోస్టుమార్టం రిపోర్టు అడుగుతారు, దొమ్మ అనుమానం ఉన్నదాన్ని మేం కొయ్యకూడదు. అలాంటప్పుడు చెవి నరం దగ్గర సూదితో ఒక చుక్క రక్తం తీసి స్లైడు మీద పూసి రంగు వేసి చూస్తాం, సూక్ష్మదర్శినిలో నీలం కడ్డీలు వరసగా, వాటి చుట్టూ గులాబీ రంగు పొర కనబడితే ఇక అనుమానం లేదు. ఆ రిపోర్టు మీద, కొయ్యకపోవడానికి కారణం రాసి క్లెయిమ్ పెట్టొచ్చు. మీ ఎద్దు విషయంలో కోసేశారు కాబట్టి ఆ స్లైడు అవకాశం పోయింది, ఎక్కడో దాచిన ఎండు ముక్క ఒకటి డాక్టరుకి దొరికినా ల్యాబులో తేలుతుంది. కంబారికి ఆ ముక్క సాక్ష్యం అవుద్దని చెప్పండి, శిక్షకి కాదు పరిహారానికి సాక్ష్యం. పరిహారం వస్తుందని మాత్రం మాటివ్వకండి, అది ట్యాగూ పాలసీ కాగితాలూ చూస్తే గానీ చెప్పలేం.

మా వాళ్ళ తప్పు కూడా ఉంది ఇందులో. ఒక చోట దొమ్మ వచ్చిందంటే ఆ ఊరికీ చుట్టుపక్కల ఊళ్ళకీ ఏటా తొలకరికి ముందే టీకా పడాలి, పడాలి అంతే. పడదు. స్టాకు వచ్చేసరికి వానలు, వానల్లో దారి తెగిపోద్ది, ఊళ్ళోకి వెళ్తే పశువులు కొండ మీద మేతకి వెళ్ళాయంటారు. బోర్డరు ఇవతల మేం వేస్తాం, అవతల ఇంకో రాష్ట్రం, ఒకరి లిస్టు ఒకరికి తెలియదు, సంతలో పశువు మాత్రం రెండు వైపులా తిరుగుద్ది.

అవునూ, అందరం మాంసం మాంసం అంటున్నాం, తోలు ఏమైంది? కోసినప్పుడు తోలు తీశారన్నారు కదా.

రాయగడ_కిరాణా

తోలు ఆ రోజే పోయింది. సైకిల్ మీద తోళ్ళు కొనుక్కునే ముసలాయన వస్తాడు, సంచిలో మడిచి కట్టుకుని పోయాడు, వారానికోసారి సంతలో కూర్చుంటాడు. దానికి కూడా ఏటైనా చెయ్యాలా?

కంబారితో మాట్లాడేను. ట్యాగు ఉంది, పాలసీ ఉందో లేదో తెలీదు, కాగితం ఒకటి తెచ్చాడు గానీ అది వేరే లోను కాగితం. అయినా ఎద్దు చచ్చిందని ఒప్పుకున్నాడు ఇప్పుడు, రేపు డాక్టరు దగ్గరికి నాతో వస్తానన్నాడు.

పశువైద్యం_పార్వతీపురం

చెయ్యాలి. ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ ఊళ్ళో ఉన్ని ఏరే కూలీలు ఈ జబ్బుతో ఎంతమంది పోయారంటే దానికి ఉన్ని ఏరేవాళ్ళ జబ్బు అనే పేరు పడిపోయింది, తోలూ ఉన్నీ దులిపినప్పుడు లేచే దుమ్ములో బీజాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆ ముసలాయన దాన్ని తల కింద పెట్టుకుని పడుకున్నా మనకి తెలియదు. రేపు డాక్టరుకి కంబారి సంగతితో పాటు ఈయన ఏ సంతలో కూర్చుంటాడో కూడా చెప్పండి, తోలు దొరికితే వాళ్ళే తీసుకుని కాల్చేస్తారు. ఆయన్ని కూడా ఒకసారి చేతులు, మెడ, మొహం చూపించుకోమనండి. డబ్బులు పోతాయని ఆయన ఒప్పుకోడు, తోలు ఖరీదు మీరో ఊరోళ్ళో కలిసి ఇచ్చేస్తే గొడవ ఉండదు, పెద్ద మొత్తం కాదు కదా.

ఘాట్‌రోడ్డు_రాజా

తోళ్ళ ముసలాయన అంటే నల్ల గొడుగు, పాత అట్లాస్ సైకిలు ఆయనేనా? మా లారీ ఆపే హోటల్ దగ్గర మంగళవారం కనబడతాడు. ఈ మంగళవారం నేను అటే వెళ్తున్నా, ఆయనైతే ఆపి ఫోన్లో మాట్లాడిస్తా, నంబరు నాకు ఇన్‌బాక్స్‌లో పెట్టండి.